గొడుగంత దూరం

మా డ్రిల్లు మాస్టారు పోయారని పోయిన ఆదివారం పాత విద్యార్థుల గ్రూపులో పెట్టారు. ఎనభై ఏడేళ్ళు. నిద్రలోనే పోయారట. కరోనా వచ్చినప్పుడు ఆయన రెండేళ్ళు గది దాటి బయటకి రాలేదని, కోడలు గుమ్మం ముందు కంచం పెట్టి తలుపు తట్టి వెళ్ళిపోయేదని, ఆవిడ మెట్లు దిగిన చప్పుడు విన్నాకే తలుపు తీసేవారని అంతకుముందే ఎవరో చెప్పారు. నమ్మడానికి నాకేం కష్టం కాలేదు. ఆయన సంగతి నాకు నలభై ఏళ్ళ కిందటే తెలుసు.

గ్రూపులో అందరూ దండాలు పెడుతున్నారు. క్రీడాస్ఫూర్తి ప్రదాత అని ఒకడు రాశాడు. మాకు ఆటలు నేర్పిన చెయ్యి అని ఇంకొకడు రాశాడు. స్కూల్లో ఉన్నన్నాళ్ళూ ఆ చెయ్యి మాలో ఎవరి మీదా పడలేదు, దెబ్బకి కూడా. కొట్టాలన్నా దగ్గరికి రావాలి కదా. నేనూ ఒక దండం బొమ్మ పెట్టి ఫోను పక్కన పడేశాను గానీ, ఆ రోజంతా ఇంకో పని తోచలేదు. ఆయన పేరు మాత్రం రాయను. ఆయన పిల్లలు మంచివాళ్ళు, పైగా ఇది చదివినా చదువుతారు.

నూజివీడు నుంచి మైలవరం వెళ్ళే బస్సు మా ఊళ్ళో ఆగేది. బస్సు దిగి నాలుగడుగులు వేస్తే హైస్కూలు. గ్రౌండుకి మూడు వైపులా మామిడితోటల కంచెలు, నాలుగో వైపు మా మాస్టారు. పొడుగ్గా, సన్నగా, తెల్ల ప్యాంటు, తెల్ల కాన్వాసు బూట్లు, మెళ్ళో ఈల, చేతిలో నల్ల గొడుగు. ఆ గొడుగు ఎండకీ కాదు, వానకీ కాదు. వానొస్తే వరండాలోకి పోయేవారు, ఎండైతే వేపచెట్టు కిందకి పోయేవారు. గొడుగు మనుషుల కోసం. మడిచిన గొడుగుని చెయ్యి బారుగా చాచి ముందుకి పెట్టేవారు. దాని కొస ఎక్కడిదాకా వస్తే అవతలివాళ్ళు అక్కడ ఆగాలి. పిల్లలైనా, హెడ్మాస్టారైనా, జిల్లా నుంచి వచ్చిన ఇన్స్పెక్టరైనా అంతే.

"దూరంగా ఉండి చచ్చినవాడు లేడమ్మాయ్" అనేది ఆయన మాట. రోజుకి నాలుగైదు సార్లు అనేవారు. ఎవరైనా తుమ్మితే ఈల ఊది అందరినీ స్టాండెటీజ్‌లో నిలబెట్టి తను ఇరవై అడుగులు వెనక్కి నడిచేవారు. రుమాలులో కర్పూరం బిళ్ళ మూట కట్టుకుని మధ్యమధ్య వాసన చూసుకునేవారు. ఈలని ప్రతి సాయంత్రం ఉప్పునీళ్ళలో కడిగి జేబురుమాలు మీద ఆరబెట్టేవారు, ఆ ఈల ఆయన తప్ప ఇంకెవరూ ఊదకపోయినా. జబ్బు పేరు ఏదీ నోటితో అనేవారు కాదు. దగ్గైనా, జ్వరమైనా, గజ్జైనా అన్నీ 'అది'. "ఏంట్రా, అది వచ్చిందా నీకు?" అనడిగేవారు.

అయినా ఆటల్లో తన ప్రతాపం గురించి చెప్పమంటే మాత్రం లోటు లేదు. కాలేజీలో ఉండగా కూతకి వెళ్తే ఎనిమిదిమంది మీద పడేవారట, ఎనిమిదిమందినీ ఈడ్చుకుంటూ గీత దాకా వచ్చేవారట. కబడ్డీలో అవతలి పక్షాన ఉండేదే ఏడుగురు, ఆ ఎనిమిదోవాడు ఎవడండీ అని మా క్లాసు కుర్రాడొకడు అడిగితే, వాణ్ణి నెలరోజులు బంతులకి గాలికొట్టే పనిలో పెట్టారు.

ఎనభైల మధ్యలో, ఒక జనవరి మొదట్లో, తోటలన్నీ పూత మీదుండగా మా స్కూలుకి ఆటలమ్మ వచ్చింది. పొద్దున ప్రార్థనలో ఎనిమిదో తరగతి పిల్లాడొకడు మొహం నిండా నీటిపొక్కులతో నిలబడి ఉన్నాడు. వాడికి రాత్రే పోసింది, ఇంట్లో వాళ్ళు చూసుకోలేదు. మాస్టారు వరస సరిచేస్తూ వస్తూ వాడి ముందు ఆగారు. గొడుగు చాచారు. తర్వాత గొడుగు అక్కడే వదిలేసి గ్రౌండుకి అడ్డంపడి, కంచె దూకి, తోటలోంచి బస్సు రోడ్డు ఎక్కేశారు. డ్రిల్లు మాస్టారు పరిగెత్తడం మేం చూసింది ఆ రోజే. ఆ గొడుగుని అటెండరు తీసి, వేపాకు నీళ్ళతో తుడిచి, ఆయన గదిలో పెట్టాడు.

పది రోజుల్లో సగం స్కూలు మంచాన పడింది. హెడ్మాస్టారు పైవాళ్ళకి రాసి స్కూలు మూయించారు. నాకూ పోసింది. మా ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టారు. తాలింపు వాసన తగలకూడదని అమ్మ నెలరోజులు చప్పిడి పప్పే వండింది. మా నాయనమ్మ నన్ను అమ్మవారిని చూసినట్టు చూసి, ఏది అడిగినా కాదనేది కాదు, బయటకి వెళ్ళనివ్వడం తప్ప. మూడు స్నానాలు అయ్యేదాకా గడప దాటకూడదు. మంచం మీద వేపాకుల్లో పడుకుని, వీధిలో ఎవరైనా పరిగెత్తిన చప్పుడు వినిపిస్తే చాలు ఏడుపొచ్చేది. నాకు గోకుడు కంటే అదే ఎక్కువ బాధ.

అయిదు వారాలకి స్కూలు తెరిచారు. ఆ రోజు గ్రౌండు చూసిన సంతోషం నాకు ఇప్పటికీ మాటల్లో పెట్టడం రాదు. మొహాల మీద మచ్చలు, జుట్టు ఊడిపోయి నెత్తిమీద బోడి మడులు, సగంమంది మనుషులు చిక్కి ఉన్నారు. అయినా గంట కొట్టకముందే అందరం గ్రౌండులో ఉన్నాం. ఒకళ్ళనొకళ్ళం ముట్టుకుని చూసుకున్నాం. బంతి ఎవరి దగ్గరుంటే వాళ్ళ వెంట ముప్పైమందిమి పరిగెత్తాం. అప్పుడు వినిపించింది ఈల. గేటు దగ్గర మాస్టారు నిలబడి ఉన్నారు, కొత్త గొడుగుతో. అటెండరు తుడిచిన పాత గొడుగుని ఆయన మళ్ళీ ముట్టుకోలేదు.

వార్షికోత్సవం ముంచుకొస్తోంది, ముఖ్య అతిథి ఒప్పుకుని ఉన్నారు, జోన్ ఆటల పోటీలు మార్చికి వాయిదా పడ్డాయి. అందుకని చదువు మాట ఎలా ఉన్నా ఆటలూ పాటలూ నాటకాలూ మొదలుపెట్టాల్సిందే అన్నారు హెడ్మాస్టారు. బాధ్యత ఎవరు తీసుకుంటారంటే మా మాస్టారు తీసుకున్నారు. తీసుకోకపోతే ఇంకెవరైనా తీసుకుని, తనని దగ్గరికి రమ్మంటారని భయం. మర్నాడు గ్రౌండంతా సున్నంతో గుండ్రాలు గీయించారు. ఒక్కో గుండ్రంలో ఒక్కరు, గుండ్రానికీ గుండ్రానికీ మధ్య గొడుగంత దూరం. కరోనాలో కిరాణా కొట్ల ముందు అవే గుండ్రాలు చూసి, ఇవి కనిపెట్టింది మా మాస్టారేనని చెప్పాలనిపించింది. చెప్తే ఎవరు నమ్ముతారు.

ఇక ఆ మూడు వారాలు మా స్కూల్లో జరిగిన సాంస్కృతిక కార్యక్రమాలు ఎక్కడా జరిగుండవు. బృందగానం వాళ్ళని హాలు నాలుగు మూలలా గోడవైపు తిప్పి నిలబెట్టారు. మొదటి మూలవాళ్ళు రెండో చరణం ఎత్తుకునేసరికి నాలుగో మూలవాళ్ళు పల్లవిలోనే ఉండేవారు. స్కౌట్ల ప్రథమ చికిత్సలో దెబ్బ తగిలినవాడే తన కట్టు తను కట్టుకోవాలి, సేవ చేసేవాడు గుండ్రంలో నిలబడి ఎలా కట్టుకోవాలో చెప్పాలి. తెలుగు మాస్టారు రాసిన నాటకంలో తాగుడు మానిన తండ్రి చివర కొడుకుని గుండెలకి హత్తుకోవాలి. దాన్ని మార్చి, తండ్రి దూరం నుంచే "నిన్ను హత్తుకున్నాను నాయనా" అంటే, కొడుకు "అలాగే నాన్నా" అనేటట్టు పెట్టారు. వార్షికోత్సవం రోజు ఊరంతా పగలబడి నవ్వింది. తెలుగు మాస్టారు ఆ తర్వాత మళ్ళీ నాటకం రాయలేదు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. కబడ్డీ దగ్గరికొస్తే నాకు నవ్వు రాదు.

ఆడపిల్లల కబడ్డీ జట్టులో ఏడుగురం. కెప్టెన్ని నేను. ఆట వచ్చి కాదు, మా నాన్న ఊరి పోస్టుమాస్టరు, సాయంత్రం హెడ్మాస్టారితో కూర్చుని కాఫీ తాగేవారు, అందుకు. జట్టుకి ప్రాణం కోటేశ్వరి. వాళ్ళమ్మా నాన్నా తోటల్లో పనికి వెళ్ళేవాళ్ళు. నాన్న చిక్కం కర్రతో కాయ కోసేవాడు, అమ్మ గంపల్లో గడ్డి పరిచి కాయ సర్దేది. కోటేశ్వరి పొట్టి పిల్ల, నల్లగా, గట్టిగా ఉండేది. ఓణీ నడుముకి బిగించి కూతకి వెళ్తే ఇద్దరు ముగ్గురిని తాకకుండా తిరిగొచ్చేది కాదు. పట్టుకుంటే ఏదో ఒక మెలిక తిప్పి జారిపోయేది.

మేమప్పుడు పదో తరగతి. జోన్ పోటీలో నెగ్గిన జట్టు జిల్లాకి వెళ్తుంది. జిల్లా ఆడినట్టు కాగితం ఉంటే పట్నంలో ఒక కాలేజీలో ఆటల కోటా కింద సీటు, హాస్టల్లో తిండి ఉచితం అని లెక్కల టీచరుగారు కోటేశ్వరికి చెప్పారు. కోటేశ్వరి వాళ్ళమ్మకి చెప్పింది. వాళ్ళమ్మ స్కూలుకొచ్చి, టీచరుగారిని రెండుసార్లు అడిగి, నిజమేనని తేల్చుకుంది. తిండి పెట్టి చదివిస్తామంటే పంపిస్తాను, లేదంటే ఈ కాపుకే నాతో గంపల పనికి రావాలి అంది. అందులో కోపమూ లేదు, దయా లేదు, ఉన్న సంగతి చెప్పింది. కోటేశ్వరికి ఆ మార్చి నెల పోటీయే ఇంటరు పరీక్ష, ఉద్యోగం, అన్నీ. ఆ సంగతి మా ఏడుగురికీ తెలుసు.

మాస్టారు కబడ్డీకి ఏం చేశారంటే, ముట్టుకోవడం తీసేశారు. కూతకి వెళ్ళే పిల్ల చేతిలో వేపమండ పట్టుకెళ్ళాలి. మండ తగిలితే అవుట్. పట్టుకునేవాళ్ళు పట్టుకోకూడదు, దగ్గరికొచ్చి "పట్టా" అనాలి. పట్టా అనగానే కూతకొచ్చిన పిల్ల కూత ఆపి నిలబడిపోవాలి. వేపమండ ఎందుకంటే అమ్మవారికి వేప ఇష్టం, వేప ఉన్నచోట అది రాదు. శాస్త్రానికి శాస్త్రం, ఆటకి ఆట అని ఆయన చాలా మురిసిపోయారు. హెడ్మాస్టారు వరండాలోంచి చూసి, ఎంత జాగ్రత్తమనిషండీ అన్నారు. మా అమ్మ కూడా ఆ మాటే అంది.

మొదటిరోజు అందరం నవ్వాం. రెండోరోజుకి అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే నాకు హాయిగానే ఉంది. మోచేతులు గీరుకుపోవు, ఓణీ చిరగదు, కిందపడే పని లేదు. పట్టా అంటే చాలు, మనిషి ఆగిపోతుంది. కోటేశ్వరి ఒక్కతే పట్టా అన్నా ఆగేది కాదు. ఆగనందుకు ఆయన ఈల ఊది ఆమెని గుండ్రంలో నిలబెట్టేవారు.

నాలుగోరోజు ఆటయ్యాక కోటేశ్వరి ఆయన దగ్గరికి వెళ్ళింది. నన్ను కూడా రమ్మంది, కెప్టెన్ని కాబట్టి. ఆయన గొడుగు చాచారు, మేం దాని కొస దగ్గర ఆగాం.

"మా ఏడుగురికీ పోసేసిందండి. ఒకసారి పోసిన ఒంటికి మళ్ళీ పొయ్యదంటారు కదండీ. మేం పట్టుకుని ఆడుకుంటే ఏమవుద్దండీ?" అంది కోటేశ్వరి.

ఆయన రుమాలు తీసి కర్పూరం వాసన చూశారు.

"మీకు రాదమ్మాయ్, సరే. మీ ఏడుగురి మీంచీ నా మీదకి రాదని ఎవరు రాసిస్తారు? నాకింకా అది రాలేదు. ఈ వయసులో వస్తే మనిషి మిగలడంటున్నారు" అన్నారు.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. సున్నపు గుండ్రాలు, గోడవైపు తిరిగిన పాట, వేపమండలు, అన్నీ ఒక్క మనిషి కోసం. మూడొందల మంది పిల్లల్ని కాపాడుతున్నారని ఊరు పొగుడుతున్న మనిషి, ఆ మూడొందల మంది నుంచీ తనని కాపాడుకుంటున్నారు. ఆ సంగతి దాచుకోవాలని కూడా ఆయనకి తోచలేదు.

కోటేశ్వరి వెనక్కి తగ్గలేదు. మీరు దూరంగా వేపచెట్టు కింద కూర్చోండి, మేం మేం పట్టుకుంటాం, మీ దగ్గరికి ఎవరూ రాం అంది. నాకు ఇది న్యాయంగానే కనిపించింది. ఆయనకీ కనిపించి ఉంటుంది, ఎందుకంటే కాదనకుండా నా వైపు తిరిగారు.

"ఏమ్మా కెప్టెన్, నువ్వేమంటావు?"

కోటేశ్వరి నా వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు. నేను సరేనంటానని ఆమెకి నమ్మకం, అంతే. మా ఇంట్లో కాఫీ తాగే హెడ్మాస్టారు, ఎంత జాగ్రత్తమనిషో అన్న అమ్మ, కెప్టెన్ అని రాసిన నా బ్యాడ్జీ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"మీరెలా చెప్తే అలాగేనండి" అన్నాను.

ఆ మాటకి ఆయన మొహం విప్పారింది. చూశావా, కెప్టెనంటే అలా ఉండాలి అని కోటేశ్వరికి చెప్పారు. ఆమె వెళ్ళిపోయింది. ఆ తర్వాత తెలిసింది, రోజూ సాయంత్రం పని నుంచి వచ్చిన వాళ్ళమ్మనీ పిన్నినీ పెరట్లో నిలబెట్టి, నన్ను పట్టుకోండి అని వాళ్ళ మధ్యలోంచి విడిపించుకోవడం సాధన చేసేదట. తను ఒక్కతీ సిద్ధమైంది. మిగతా ఆరుగురం పట్టా అనడంలో ఆరితేరాం.

మార్చి మూడో వారంలో మైలవరంలో పోటీలు. బస్సులో మాస్టారు లోపలికి రాకుండా ఫుట్‌బోర్డు మీదే నిలబడ్డారు. కండక్టరు పైకి రండి సార్ అంటే, నాకు గాలి కావాలన్నారు. గ్రౌండులో మా జట్టుకి పది గజాల అవతల గొడుగు వేసుకుని కూర్చున్నారు. ఆ రోజు మాత్రం గొడుగు ఎండకే.

మొదటి కూత మాదే. కోటేశ్వరి వెళ్ళింది, చేతిలో మండ లేకుండా. ఇద్దర్ని తాకి వచ్చింది. మాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత అవతలి పిల్ల కూతకొచ్చింది, జి. కొండూరు వైపు నుంచి వచ్చిన జట్టు, మాకంటే పెద్దగా ఏమీ లేరు. ఆ పిల్ల మా మధ్యకి వచ్చింది. మేం చక్కగా చుట్టుముట్టాం. అయిదుగురం ఒకే గొంతుతో "పట్టా" అని, ఆగుతుందని నిలబడ్డాం. ఆ పిల్ల ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత వరసగా మా ముగ్గురి భుజాల మీద తట్టి, నవ్వుతూ గీత దాటిపోయింది. రిఫరీ మా వైపు చూసి, ఏమ్మా మీ ఊళ్ళో మాటల్తో పట్టుకుంటారా అన్నాడు. గ్రౌండు చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మేం సిగ్గుతో చచ్చిపోయాం. తప్పు తెలిసింది, కానీ మూడు వారాల అలవాటు ఒక్క ఆటలో పోదు. చేతులు ముందుకి వెళ్ళేసరికే నోరు ముందు పట్టా అనేసేది, ఆ మాట అనగానే చేతులు వాటంతటవే ఆగిపోయేవి.

మేం పోగొట్టినదంతా కోటేశ్వరి ఒక్కతీ తెచ్చింది. ఎన్నిసార్లు కూతకి వెళ్ళిందో నాకు గుర్తులేదు. ఆట అయిపోవచ్చేసరికి అవతలివాళ్ళు మాకంటే నాలుగు పాయింట్లు ముందున్నారు. కోటేశ్వరి వెళ్ళింది. నలుగురు మీద పడ్డారు. ఒకామె కాలు, ఒకామె నడుము, ఇద్దరు చేతులు పట్టుకున్నారు. కూత ఆపకుండా, మోకాళ్ళ మీద ఈడ్చుకుంటూ, చెయ్యి చాచి గీత తాకింది. నలుగురూ అవుట్. పాయింట్లు సమం. కాలేజీలో ఎనిమిదిమందిని ఈడ్చుకొచ్చిన కథ మాస్టారు చెప్పేవారు, నలుగురిని ఈడ్చుకొచ్చిన మనిషిని మేం ఆ రోజు కళ్ళారా చూశాం.

కోటేశ్వరి లేవలేదు. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది, మడమ బెణికింది. రిఫరీ ఈల ఊది, మాస్టారిని పిలిచి, మీ పిల్లని లేవదీయండి అన్నాడు. మాస్టారు వచ్చారు. అంతమంది చూస్తున్నారు, రాక తప్పలేదు. గీత దగ్గర ఆగారు. గొడుగు మడిచి, తిరగేసి, వంకీ ఉన్న పిడి ఆమె వైపు చాచారు.

"పట్టుకుని లేమ్మా" అన్నారు.

కోటేశ్వరి ఆ పిడి వైపు చూసింది. తర్వాత రెండు చేతులూ నేలకి ఆనించి, తనంతట తనే లేచి, కుంటుకుంటూ బయటకి నడిచింది. ఆయన గొడుగు ఇంకా చాచే ఉన్నారు. అవతలి జట్టు పిల్లే ఒకామె పరిగెత్తుకొచ్చి కోటేశ్వరి చంక కింద చెయ్యి వేసింది.

మిగిలింది ఒక్క కూత, అవతలివాళ్ళది. ఆ పిల్ల వచ్చి మూలనున్న నా వైపే తిరిగింది, నేనే మెత్తగా కనిపించి ఉంటాను. నా మోకాలు తాకి వెనక్కి తిరిగింది. ఆమె మడమ నా చేతికి జానెడు దూరంలో ఉంది. వంగి పట్టుకుంటే చాలు, ఆమె అవుట్, మేం నెగ్గినట్టే. నేను వంగాను. "పట్టా" అన్నాను. మడమ వెళ్ళిపోయింది.

ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం.

తిరుగు బస్సులో కోటేశ్వరి నా పక్కనే కూర్చుంది. వేరే సీటు ఖాళీ లేదు. నేను ఏడుస్తున్నాను, ఆమె ఏడవలేదు. మోకాలికి కట్టిన ఓణీ ముక్క సర్దుకుంటూ, ఆ రోజు నువ్వు ఒక్క మాట అనుంటే అయిపోయేది అంది. తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు.

మర్నాడు ప్రార్థనలో మాస్టారు మైకు దగ్గరికి వచ్చి, రుమాలుతో మైకు తుడిచి, పోటీ వివరాలు చెప్పారు. గెలుపోటములు దైవాధీనాలు అన్నారు. మొత్తం యాత్రలో ఒక్కరికి కూడా అది అంటకుండా క్షేమంగా తీసుకెళ్ళి తీసుకొచ్చామని, అదే అసలైన విజయమని అన్నారు. హెడ్మాస్టారు చప్పట్లు కొట్టారు. మేమందరం కొట్టాం. కోటేశ్వరి ఆ రోజు స్కూలుకి రాలేదు.

పరీక్షలయ్యాయి. వేసవిలో ఒకరోజు వార్త తెలిసింది, మాస్టారికి పోసిందని. మా నుంచి కాదు. అత్తగారి ఊళ్ళో పెళ్ళికి వెళ్తే బావమరిది కొడుకు, ముద్దొచ్చే పిల్లాడు, వచ్చి ఒళ్ళో కూర్చున్నాడట. సొంతవాళ్ళ మీదకి గొడుగు చాచడానికి మొహమాటపడ్డారు. ఒళ్ళంతా, గొంతులో కూడా పోసి, ఇరవై రోజులు మంచం మీద ఉన్నారు. ఊళ్ళో అందరూ అయ్యో అన్నారు. నాకు సంతోషమేసింది. ఇప్పుడు పెద్దదాన్ని కాబట్టి అలా అనుకోకూడదని చెప్పాలి గానీ, అప్పుడు వేసిందని ఒప్పుకోకపోతే ఇదంతా రాయడం దండగ.

మే నెల మధ్యలో ఆవకాయ కాయలకని నాన్నతో కలిసి తోటకి వెళ్ళాను. పాకలో కాయ రాశులు పోసి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని గంపల్లో వరిగడ్డి పరిచి బంగినపల్లి కాయ సర్దుతున్నారు. ఆ వరసలో వాళ్ళమ్మ పక్కన కోటేశ్వరి. నన్ను చూసి తలూపింది. నేను కాయల వైపు చూస్తూ నిలబడ్డాను. మోకాలు తగ్గిందా అని అడిగాను. ఎప్పుడో తగ్గిందిగా అంది.

అంతలో సైకిలు మీద మాస్టారు వచ్చారు. గొడుగు లేదు. మొహం నిండా నల్లమచ్చలు, కానీ ఆ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. వస్తూనే నాన్న చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఊపేశారు. తోట కాపలా మనిషి భుజం తట్టారు. గడ్డి మోసే ముసలాయన్ని కావలించుకున్నంత పని చేశారు. పదేళ్ళుగా ఎవరినీ ముట్టుకోని మనిషికి ఒక్కసారిగా అందరూ దొరికారు. నాకింక భయం లేదండీ పోస్టుమాస్టరుగారూ, వచ్చి పోయింది, ఇంక జన్మలో రాదు అన్నారు.

అప్పుడు కోటేశ్వరిని చూశారు.

"అమ్మాయ్, నువ్వు కూడా ఉన్నావా. ఇంక వేపమండలు లేవు. జూన్‌లో స్కూలు తెరవగానే నిజం కబడ్డీయే. నేనే దగ్గరుండి పట్లు నేర్పిస్తాను."

"పదో తరగతి అయిపోయిందండి" అంది కోటేశ్వరి, గంపలోంచి తలెత్తకుండా.

వాళ్ళమ్మ చేతిలో కాయ ఒక్క క్షణం ఆగింది. నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. ఆయనకి మాత్రం ఆ మాట ఎక్కలేదు. వంగి, కోటేశ్వరి కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని లేవదీశారు. ఇదిగో, మణికట్టు మీద పట్టు ఇలా ఉండాలి, ఏదీ, విడిపించుకో చూద్దాం అన్నారు. రెండు చేతుల్తో, నిజంగానే గట్టిగా పట్టుకున్నారు.

కోటేశ్వరి ఎడమచేతిలో గడ్డి అలాగే ఉంది. ఆయన మొహం వైపు చూసింది. చెయ్యి ఒక్క మెలిక తిప్పి కిందకి లాగింది. అంతే, ఆయన చేతులు రెండూ గాల్లో ఖాళీగా ఉండిపోయాయి. ఆమె మళ్ళీ గంప దగ్గర కూర్చుని, ఎడమచేతిలో గడ్డి కాయల మీద పరిచి, వాళ్ళమ్మ అందించిన కాయ తీసుకుంది.

మాస్టారు పడీపడీ నవ్వారు. మా నాన్న వైపు తిరిగి, "చూశారా పోస్టుమాస్టరుగారూ, మన ట్రైనింగు" అన్నారు.

నాన్న మర్యాదకి తలూపారు. నేనూ ఊపాను.